వల పక్కన ఖాళీ పీట

మా ఊళ్ళో వల విషయంలో తప్పు మాట చెప్పి ఊరిని నష్టపెట్టినవాడికి ఒకటే శిక్ష. ఆ వల దగ్గర కూర్చోవాలి. చిరిగినంత మేరా తన చేతులతో అల్లాలి. అల్లుతున్నన్ని రోజులూ ఊళ్ళో ఎవరొచ్చి "ఏం చూసినావు?" అని అడిగినా తలెత్తి జవాబు చెప్పాలి. అడిగేవాళ్ళలో పెద్దా చిన్నా తేడా లేదు. ఒకే మనిషి పదిసార్లు అడిగితే పదిసార్లూ చెప్పాల్సిందే, విసుక్కోకూడదు. వలలో గడిని మేము కన్ను అంటాం. చివరి కన్ను ముడివేశాక లేచి, వల దులిపి, తలస్నానం చేసి ఇంటికి పోవచ్చు. ఆ తర్వాత ఎవరైనా ఆ సంగతి ఎత్తితే తప్పు ఎత్తినవాళ్ళది.

నా చిన్నప్పుడు మా నాన్న అలా కూర్చున్నాడు. ఆయన బోటు ముక్కు మీద నిలబడి, నీళ్ళలో చేపల గుంపు ఎక్కడుందో చూసి చెప్పేవాడు. ఆయన తువ్వాలు ఊపితే నాలుగు బోట్లు ఒకేసారి వల దింపేవి. ఒకరోజు మబ్బు నీడ నీటి మీద కదులుతుంటే గుంపు అనుకుని తువ్వాలు ఊపాడు. కింద ఎప్పుడో మునిగిపోయిన పడవ ఒకటి ఉంది. వల దానికి తగులుకుని నిలువునా చిరిగింది. నాన్న తాటాకు పందిరి కింద నాలుగు రోజులు కూర్చున్నాడు. అన్నం గిన్నె నేనే తీసుకుపోయేదాన్ని. మా అమ్మతో గొడవలున్న ఒకావిడ పనిగట్టుకుని పూటకు మూడుసార్లు వచ్చి అడిగేది. నాన్న సూది ఆపి, ఆమె ముఖంలోకి చూసి, "మబ్బు నీడ చూసినానమ్మా. చేప అన్నా" అని చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. సిగ్గుగా లేదా నాయనా అని అడిగితే నవ్వాడు.

"పొరబడినందుకు సిగ్గేంది పాపా? జవాబు చెప్పకుండా లేచిపోతే గదా సిగ్గు."

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా తీరాన్ని ఇప్పుడు ఏలుతున్న నాయకుడు ఒకాయన మా వల దగ్గర కూర్చోకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. ఆయన కూర్చోవాలి. కూర్చునేదాకా నేను ఊరుకోను.

మాది వాకాడు వైపు, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న పాళెం. ఆ మొగకు ఇవతల, ఉత్తరం గట్టున మేము. అవతల, దక్షిణం గట్టున ఇంకో పాళెం. పడవలో ఐదు నిమిషాలు. రోడ్డు మీద పోవాలంటే వాకాడు చుట్టుకుని గంటన్నర. మా అక్కను ఆ ఊరికే ఇచ్చారు. రెండు ఊళ్ళ మధ్య ఇలా ఇచ్చిపుచ్చుకోవడాలు చాలా ఉన్నాయి. తగువులు లేవని కాదు. వల మీద వల పడితే సముద్రంలో నానా బూతులూ తిట్టుకునేవాళ్ళు, సాయంత్రానికి చల్లబడేవాళ్ళు. దక్షిణం గాలి తోలితే వాళ్ళ ఊరి మైకు మాకు వినబడుతుంది. ఉత్తరం గాలి తోలితే మాది వాళ్ళకు. అక్క ఊరి అమ్మవారి జాతరలో ఏ పాట పెట్టారో మా వంటింట్లో నిలబడి చెప్పేదాన్ని. ఈ గాలి సంగతి గుర్తుంచుకోండి.

రెండేళ్ళ కిందట, ఎన్నికలు కొన్ని నెలల్లో వస్తాయనగా, ఈ నాయకుడు మా ఊరికి వచ్చాడు. అప్పటికింకా ఆయన నాయకుడు కాదు, కావాలని తిరుగుతున్నవాడు. లోపలి పల్లెల్లో వరి పొలాలున్న కుటుంబం. తెల్ల చొక్కా, తెల్ల పంచె. చేపల గట్టు మీద నడిచినా ఆ పంచెకు ఒక్క మచ్చ అంటేది కాదు, అదెలాగో నాకు ఇప్పటికీ తెలియదు. ట్రాక్టరు ట్రక్కు మీదికెక్కి మైకు పట్టుకున్నాడు. ఇంకో చేత్తో చిరిగిన వల ఒకటి ఎత్తి చూపించాడు. దాని అంచున, వలను నీటి మీద తేల్చే బెండ్లు పసుపు రంగువి. మా దగ్గర ఏ ఊరి బెండ్లకు ఆ ఊరి రంగు వేసుకుంటారు. పసుపు మాది.

"అన్నలారా, అక్కలారా! ఈ బెండ్లు ఎవరివి? మీవి! మీ పెద్దాయన వలను అవతలి ఊరోళ్ళు కత్తులు పెట్టి కోసినారు. ఈరోజు వల కోసినోళ్ళు రేపు మీ గొంతు కోస్తారు. ఇది తగువు కాదు. యుద్ధం!"

ఆ పెద్దాయన మా ఊరివాడే. ముసలివాడు, ఒంటరివాడు. గుంపులో వెనకాల తల వంచుకుని నిలబడి ఉన్నాడు. వల పోయిన బాధ అనుకున్నాం.

నేను ఇంటరు దాకా చదివినదాన్ని. ఊరికొచ్చే కాగితాలు చదివి చెప్పేది నేనే, ఆడవాళ్ళ సంఘానికి ముందు నిలబడేదీ నేనే. నా గొంతు పెద్దది. నాయకుడు నన్ను చూసి, "మా చెల్లెలు రెండు మాటలు మాట్లాడతాది" అని పైకి పిలిచి మైకు ఇచ్చాడు. నేను మాట్లాడాను. "మన వల మీద చెయ్యేసినోళ్ళని ఊరికే వదిలేస్తారా? మీరు పోతారా, మమ్మల్ని పొమ్మంటారా?" అని మగవాళ్ళను అడిగాను. ఈలలు, కేకలు. నా మాటకు జనం ఊగిపోతుంటే నాకు ఎంత సంబరంగా ఉందో ఇప్పుడు చెప్పుకోవాలంటే ప్రాణం చచ్చిపోతోంది. కానీ చెప్పాలి. నాకు సంబరంగానే ఉంది.

వల నా మోచేతికి తగిలేంత దగ్గరలో ఉంది. ఏడేళ్ళ వయసు నుంచీ వలలు అల్లినదాన్ని. తెగిన దారం కొసను రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తే చాలు, అది దేంతో తెగిందో చెప్పగలను. మైకు పట్టుకున్నాను గానీ వలను ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఉత్తరం గాలి తోలుతోంది.

మర్నాడు తెల్లవారేసరికి ఊళ్ళో బోట్లన్నీ దిగాయి. ఆడవాళ్ళం ఒడ్డున హారతులిచ్చాం. మా ఆయన నుదుట నేనే బొట్టు పెట్టాను. తెడ్లు, ఇనప కడ్డీలు, రాళ్ళ బస్తాలు వేసుకుని పోయారు. నాయకుడు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాడు. ఏ బోటూ ఎక్కలేదు. ఎక్కమని మాకూ తోచలేదు, చూడండి ఎంత తెలివిగలవాళ్ళమో! చేపల గుంపు చూసి తువ్వాలు ఊపే మా నాన్న కూడా బోటు మీద ఉండే ఊపాడు.

పొద్దు బాగా ఎక్కాక తిరిగొచ్చారు. మా ఆయన్ని ఇద్దరు పట్టుకుని దింపారు. కుడి కంటికి కట్టిన తువ్వాలు ఎర్రగా తడిసిపోయి ఉంది. రాయి తగిలింది. నెల్లూరు ఆసుపత్రిలో చేయాల్సిందంతా చేశారు, కన్ను మాత్రం పోయింది. అవతలి ఊళ్ళో మా అక్క మొగుడి కాలు రెండు బోట్ల మధ్య పడి నలిగింది. ఆయన ఇక జన్మలో బోటెక్కలేడని తర్వాత తెలిసింది. ఎవరూ చావలేదు. అది మా మంచితనం కాదు, అదృష్టం.

నాయకుడు ఆసుపత్రికి యాపిల్ పళ్ళు తెచ్చాడు. మా ఆయన మంచం పక్కన నిలబడి ఫోటో దిగాడు. కట్టున్న వైపు కెమెరాకు కనబడేలా ఆయన తలను మెల్లగా తిప్పాడు. నేను చూశాను. నా కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి కదా.

రెండు ఊళ్ళ పెద్దలూ దురాయి వేశారు. దురాయంటే ఊరి కట్టడి. ఇటువాళ్ళు అటు పోకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు, పెళ్ళికీ చావుకీ కూడా. మా అక్కకు నేను ఫోను చేస్తూనే ఉన్నాను. ఒక్కసారి ఎత్తింది.

"నీ గొంతు ఇన్నానమ్మే. మా ఇంటి ముందర నిలబడి అంతా ఇన్నా. నీ బావ అన్నం తింటా ఉండె, 'మీ చెల్లెలేనా అది?' అన్నాడు. ఏం చెప్పమంటావు నన్ను?"

నేను ఏదో అనబోయాను. పెట్టేసింది. చిన్నప్పుడు నాకు జడలు వేసి, బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన మనిషి. ఐదు నిమిషాల దూరంలో ఉంది. వాళ్ళ ఇంటి పొయ్యి పొగ మా ఒడ్డు మీంచి కనబడేది. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది, ఏడవడానికి నాకేం హక్కుందని ఇంకోవైపు కోపమూ వచ్చేది.

వానలు మొదలయ్యాక, వేటకు పోలేని రోజుల్లో, ఆ పెద్దాయన అదే వలను మా పంచలో పడేసి పోయాడు. బాగున్న బెండ్లు కోసుకోమన్నాడు. మా ఆయనకు ఒంటి కన్నుతో అలాంటి పని కష్టంగా ఉండేది, కాబట్టి నేనే కూర్చున్నాను. మొదటిసారి ఆ వలను ముట్టుకున్నాను.

కత్తితో కోసిన నైలాను దారం కొస శుభ్రంగా, మొండిగా ఉంటుంది. ఈ కొసలు అలా లేవు. మెలికలు పడి, కాలి, ముద్దకట్టి ఉన్నాయి. ఇంజను రెక్క తిరిగే వేడికి దారం కరిగితేనే అలా అవుతుంది. అదీ మా ఫైబరు బోట్ల రెక్క కాదు, అంత మేర వలను ఒక్క ఊపులో లాగి మెలిపెట్టాలంటే ఓడ కావాలి. ఒక కొస వదిలి ఇంకో కొస, ఇంకో కొస, చూస్తూ పోయాను. ఒక్కటంటే ఒక్కటి కత్తి కోత లేదు.

వల చుట్టబెట్టుకుని వానలోనే పెద్దాయన గుడిసెకు పోయాను. ఆయన నా ముఖం చూసి, నేను అడగకముందే చెప్పేశాడు.

"ఓడ తొక్కిందమ్మా. నా కళ్ళతో చూసినా. ఆ నాయకుడికి మీటింగు ముందు రోజే చెప్పినా గదా. 'రెండ్రోజులు నోరు మూసుకోనుండు పెద్దాయనా, ఊరి మేలు కోసరం' అన్నాడు. నేను మూసుకుంటి. బోట్లు పోతాయని నాకేం తెలుసు?"

ముందు రోజే చెప్పాడు. అంటే నాయకుడు పొరబడలేదు. తెలిసి చెప్పాడు. మబ్బు నీడను చూసి చేప అన్నవాడు వేరు, ఖాళీ నీళ్ళని తెలిసే తువ్వాలు ఊపినవాడు వేరు. నేను ఆ గుడిసె వాకిట్లో వానలో తడుస్తూ నిలబడి, నాయకుణ్ణి నోటికి వచ్చినట్టు తిట్టాను. పెద్దాయన్ని కూడా తిట్టాను. చివరికి నన్ను నేను తిట్టుకున్నాను.

ఊరి పెద్దల దగ్గరికి పోతే నీళ్ళు నమిలారు. "ఇప్పుడు బయట పెడితే తప్పు మనదే అయితాది గదమ్మా," అన్నాడు ఒకాయన. "ఆయన గెలిచేటట్టుండాడు, మనకు బోట్లు కట్టుకోను జెట్టీ కావాల," అన్నాడు ఇంకొకాయన. పోలీసు స్టేషనుకు పోయాను. కొట్లాట కేసులో మా ఊరి మగవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి, మా ఆయన పేరుతో సహా. నా పేరు కూడా రాయండి, నేను మైకులో మాట్లాడి పంపించాను, నా పేరుకు పైన నాయకుడి పేరు రాయండి అన్నాను. అక్కడున్నాయన కలం కింద పెట్టి, జాలిగా చూసి, "మైకులో మాట్లాడితే కేసేందమ్మా? పొండి, పనులు చూసుకోండి" అన్నాడు.

చూశారా? రాయి విసిరినవాడిది నేరం. విసరమన్నవాడిది ఉపన్యాసం.

ఆ రోజుల్లో టీవీ పెడితే ఎప్పుడూ ఏదో ఒక దేశం మీద ఇంకో దేశం బాంబులు వేస్తూ ఉండేది. కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు బల్లల వెనక నిలబడి ఫోటోలు చూపించి, ఇదిగో రుజువు అనేవాళ్ళు. అంతకుముందైతే ఛానెలు మార్చేసేదాన్ని. ఇప్పుడు వాళ్ళ చేతుల్లో నాకు పసుపు బెండ్ల వల కనబడేది. ఆ ఫోటోను ఎవరు ముట్టుకుని చూశారు? ఆ దేశంలో వల అల్లే ఆడమనిషి ఒక్కతీ లేదా? అంతా అయిపోయాక ఆ నాయకులు పుస్తకాలు రాసుకుంటారట, "అప్పట్లో నాకు అందిన సమాచారం అది" అంటారట. కళ్ళు పోయినవాళ్ళకూ కాళ్ళు పోయినవాళ్ళకూ ఆ ఒక్క ముక్కతో సరి! వాళ్ళను కూర్చోబెట్టే తాటాకు పందిరి లోకంలో ఎక్కడా లేనట్టుంది. మా ఊళ్ళో ఉంది. ఉన్నప్పుడు వాడకపోతే అది మా ఖర్మ.

కాబట్టి ముందు నేనే కూర్చున్నాను. ఎవరూ శిక్ష వేయలేదు. పందిరి కింద ఆ వల పరిచి, మూడు పీటలు వేశాను. వలను చించింది ఓడే. ఊరిని చించింది మాత్రం ముగ్గురం. తెలిసి అబద్ధం చెప్పిన ఆయన, తెలిసి నోరు మూసుకున్న పెద్దాయన, తెలుసుకోకుండా నోరు తెరిచిన నేను. చిరిగిన మేరను కొలిచి మూడు వంతులు చేసి, హద్దులకు ఎర్రదారం కట్టాను.

మొదటి రోజు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "నిన్నెవురు కూర్చోమన్నారు మే?" అని ఒకామె నవ్వింది. "అడుగు ముందు," అన్నాను. అడిగింది. "వలను ముట్టుకోకుండా మాటన్నా," అని జవాబు చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. ఆమె మరిది పేరు కూడా కేసులో ఉంది. రెండో రోజు పెద్దాయన వచ్చి రెండో పీట మీద కూర్చున్నాడు. ఒక కన్ను ముడివేయడానికి ఆయనకు, నేను నాలుగు వేసేంత సేపు పట్టేది. ఎవరైనా అడిగితే, "ఓడను చూసినా. చెప్పలా" అనేవాడు. అలా చెప్పిన ప్రతిసారీ ఆయన నడుము కాస్త నిటారు అయ్యేది. ఇది నా ఊహ కాదు, పక్కనే కూర్చుని చూశాను.

మూడో రోజు మా ఆయన వచ్చాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఇంట్లో ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆయన అడుగుతాడని నేను అనుకోలేదు, అడగాలనే మాత్రం లోపల ఎదురుచూస్తున్నాను.

"ఏం చూసినావమ్మే?"

ఆ ఒక్క కన్నులోకి చూసి చెప్పాలి. చెప్పాను. సగం మాట గాలిలోనే పోయింది. ఆయన, "నాకు ఒక కన్నే గదా ఉండేది. సరిగ్గా ఇనబడలా. మళ్ళీ చెప్పు," అన్నాడు. పెద్దాయన కిసుక్కున నవ్వాడు. నేను ఏడుస్తూనే నవ్వి, మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత ఆయన రోజూ వచ్చి అడిగాడు, అడిగి దారం సూదికి చుట్టి ఇచ్చి పోయాడు.

అయినా నేను జవాబు చెప్పాల్సిన ముఖ్యమైన మనిషి అవతలి ఒడ్డున ఉంది. నా వంతు ఇక నాలుగు కన్నుల్లో అయిపోతుందనగా అల్లడం ఆపేశాను. ఆమె అడగకుండా నేను లేస్తే అది లేచిపోవడమే. గాలి కోసం కాచుకున్నాను. ఒక మధ్యాహ్నం ఉత్తరం గాలి పడింది. గుళ్ళో మైకు తెచ్చి, సౌండు పెట్టెను ఏటి వైపు తిప్పాను. పెద్దలెవరో వద్దు వద్దు అంటూ పరుగెత్తుకొచ్చారు. మా ఆయన వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా," అన్నాను. "ఆరోజు ఇన్నది నా గొంతే. వలను ముట్టుకోకుండా మాటన్నా. మీ ఊరోళ్ళు మా వల కోయలా. ఓడ తొక్కింది. ఆ సంగతి నాయకుడికి ముందు రోజే తెలుసు. బావ కాలు పోయింది మా నోటి వల్ల. నేను వల దగ్గర కూర్చోనుండా. నువ్వొచ్చి అడగాల."

మర్నాడు పొద్దున్నే చిన్న పడవ ఒకటి మొగ దాటి వచ్చింది. మా అక్క. దురాయి తప్పి, రెండు ఊళ్ళూ చూస్తుండగా, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగి నడిచి వచ్చింది. పందిరి ముందు నిలబడింది. కూర్చోలేదు, పలకరించలేదు.

"ఏం చూసినావమ్మే?"

"ఏమీ చూడలేదక్కా," అన్నాను. "ముట్టుకోలేదు. మాటన్నా."

"నీ బావ కట్టె పట్టుకోని దొడ్డికి పోతాడు. అది చూడు."

"చూస్తానక్కా."

ఆమె ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను. ఎన్నిసార్లు అడిగిందో తెలియదు, అడిగిన ప్రతిసారీ ఆమె గొంతు కొంచెం తగ్గింది. చివరికి నా పక్కన కూలబడి, నా జడ సరిచేసింది. చిన్నప్పటిలాగే గట్టిగా లాగి. ఆ తర్వాత నేను మిగిలిన నాలుగు కన్నులూ ముడివేశాను. అక్క మూడో వంతు చూపించి, నేను అందుకోనా అని సూది కోసం చెయ్యి చాచింది. ఎవరిదో చెప్పాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీన్ని నేను ముట్టుకోను. నువ్వూ ముట్టుకోవద్దు," అంది.

ఎన్నికల ప్రచారానికి నాయకుడు వచ్చినప్పుడు పందిరి ముందే జీపు ఆపించాం. నేను సూది చాచి పట్టుకున్నాను. ఆయన చేతులు జోడించి, నవ్వు ముఖంతో, "అప్పట్లో నాకు అందిన సమాచారం అట్టా ఉన్నిందమ్మా" అన్నాడు. టీవీలో వాళ్ళ మాటే, అక్షరం తేడా లేదు! పెద్దాయన లేచి నిలబడి, "అందించింది నేనే గదా సామీ. ఓడ అని చెప్పినా గదా," అన్నాడు. "పెద్దాయనకు వయసయిపోయింది, మరుపు," అని ఆయన పక్కవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఊరికి కొత్త వలలు ఇప్పిస్తానన్నాడు. వద్దన్నాం. కొత్త వల వద్దు, ఈ వల దగ్గర కూర్చో అన్నాం. టైము లేదని వెళ్ళిపోయాడు.

ఆయన గెలిచాడు. దాచడమెందుకు, మాలోనే చాలామంది వేశారు, జెట్టీ కోసం. కానీ గెలిచినవాడు మా ఊరి రోడ్డు మీద రావడం మానేశాడు. మా ఒడ్డున పడవెక్కితే ఐదు నిమిషాల్లో చేరే అవతలి ఊరికి పోవాలన్నా వాకాడు చుట్టుకుని గంటన్నర పోతున్నాడు. దురాయిని మాత్రం రెండు ఊళ్ళ పెద్దలూ మొగ దగ్గర కూర్చుని ఎత్తేశారు. ఎత్తకపోతే ఏం చేస్తారు, మా అక్క రోజూ వచ్చిపోతుంటే?

మొన్న జెట్టీ ప్రారంభం. దీనికి రాక తప్పదు, పునాది రాయి మీద ఆయన పేరే ఉంది. రిబ్బను కట్టిన చోటికి నాలుగు అడుగుల దూరంలో వల పరిచి, పీట వేశాం. పోలీసులు తీసేయమన్నారు. చేపల జెట్టీ మీద వల ఉండకూడదని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాను. ఆయన కారు దిగేసరికి రెండు ఊళ్ళ జనం ఒక్కటిగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో మా బావ, చంక కింద కట్టెతో.

"ఏం చూసినావన్నా?" అని అడిగాడు. అరవలేదు. పక్కింటివాడిని అడిగినట్టు అడిగాడు.

నాయకుడు వినబడనట్టు కత్తెర అందుకున్నాడు. మా ఆయన అడిగాడు. పెద్దాయన అడిగాడు. ఆ తర్వాత ఎవరు అడుగుతున్నారో తెలియలేదు, ఇటువాళ్ళూ అటువాళ్ళూ, ఒకరి తర్వాత ఒకరు, అదే మాట. ఆయన చెయ్యి పైకెత్తి, "ఇట్టా కాదు, తర్వాత కూర్చోని మాట్లాడుకుందాం" అన్నాడు.

"కూర్చో మరి," అని మా అక్క పీటను ముందుకు జరిపింది.

ఆయన పీటను చూశాడు. ఆ ఒక్క క్షణం కూర్చుంటాడేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. రిబ్బను కత్తిరించకుండానే కారెక్కాడు. కారు తిరుగుతుంటే అద్దం అవతల నుంచి కూడా ఆ మాట ఆయనకు వినబడుతూనే ఉండి ఉంటుంది. ఆ రోజు కూడా ఉత్తరం గాలే. ఆయన దక్షిణంగా పోయాడు.

నా వంతూ, పెద్దాయన వంతూ ఎప్పుడో అయిపోయాయి. ఆ మూడో వంతు ఇంకా అలాగే ఉంది. జెట్టీకి వచ్చేవాళ్ళందరూ దాన్ని దాటుకునే పోతారు, ఒక్కరూ ముట్టుకోరు. పీట మాత్రం రోజూ పొద్దున్నే నేనో, అక్కో తడిగుడ్డతో తుడుస్తాం. ఆయన ఎప్పుడొచ్చి కూర్చున్నా ఆ తెల్ల పంచె మాయకూడదు కదా.